బావ ఆర్మీ, బావమరిది ఎయిర్‌ఫోర్సు: మూడు నెలలుగా మాటల్లేవు, ఏం చెయ్యాలి?

హొరమావు సుబేదారుగారమ్మాయి:

అందరికీ నమస్కారం. బెంగుళూరులో మాజీ సైనికుల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కదా అని ఇక్కడ అడుగుతున్నాను. కొంచెం పెద్ద కథ, ఓపిక పట్టండి.

మా నాన్న ఆర్మీ. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, అంటే అల్సూరు చెరువు పక్కనున్న ఎమ్ఈజీ సెంటర్. 1983లో శ్రీకాకుళం నుంచి రేకు పెట్టె పట్టుకుని అక్కడ దిగారు, 2009లో సుబేదారుగా రిటైరయ్యారు. మా మావయ్య, అమ్మకి సొంత తమ్ముడు, ఎయిర్‌ఫోర్సు. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు. 2012లో జూనియర్ వారంట్ ఆఫీసరుగా బయటికొచ్చి జాలహళ్ళిలో గంగమ్మ సర్కిల్ దగ్గర ఉంటున్నాడు.

వరసకి బావాబావమరుదులు, పైగా ఇద్దరివీ వేరే వేరే యూనిఫారాలు. ఇంక చెప్పేదేముంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఇదే గోల. "మెస్సులో ఆమ్లెట్టు ఆలస్యమైతే మీ యుద్ధం ఆగిపోద్దిరా" అని నాన్న. "పేరుకి ఇంజనీర్లు గానీ బావా, మీరు చేసేది గోతులు తవ్వడమే కదా" అని మావయ్య. ఎనిమిదేళ్ళ మా అబ్బాయికి ఇద్దరూ పోటీపడి సెల్యూట్ నేర్పారు. నాన్న అరచెయ్యి ఎదుటివాళ్ళకి కనిపించేలా పెట్టమంటారు, మావయ్య వచ్చి ఆ చెయ్యి నలభై అయిదు డిగ్రీలకి వంచుతాడు. 2006 నుంచి ఎయిర్‌ఫోర్సు పద్ధతి అదేనట. వాడు స్కూల్లో ఆగస్టు 15కి ఏది చెయ్యాలో తెలీక రెండూ చేశాడు.

అన్నిటికంటే పెద్ద తగువు లోంగేవాలా, రాజస్థాన్ సరిహద్దులోని సైనిక పోస్టు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో ఆ పోస్టుని కాపాడింది ఆర్మీయా, ఎయిర్‌ఫోర్సా? ఈ ప్రశ్న మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా నలుగుతోంది.

కానీ అవన్నీ ప్రేమతోనే. 2023లో ఆర్మీ డే పెరేడ్ మొదటిసారి ఢిల్లీ వదిలి బెంగుళూరు వచ్చింది, అదీ నాన్న కసరత్తు చేసిన గ్రౌండులోనే, ఎమ్ఈజీ గోవిందస్వామి పెరేడ్ గ్రౌండులో. ఆ పొద్దున్న నాన్నకంటే ముందే మావయ్య బ్లేజరు వేసుకుని, మెడల్స్ పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుంటారు.

ఈ ఏడు సంక్రాంతికి చెడింది. ఆర్మీ డే జనవరి 15, పండగ పక్కనే పడుతుంది కాబట్టి మా ఇంట్లో రెండూ కలిపే. భోజనాల దగ్గర మాట కార్గిల్ మీదికి వెళ్ళింది. నాన్న ఎప్పటిలాగే అన్నారు: "మీకేంరా, పైనుంచి పడేసి టీ టైముకి మెస్సుకొచ్చేస్తారు. కొండెక్కి చచ్చేది మేము." మావయ్య ఏమీ అనలేదు. విస్తట్లో అరిసె సగం అలాగే ఉంది. లేచి చెయ్యి కడుక్కుని, హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. అంతే. అప్పటి నుంచి రాలేదు. నాన్న ఫోన్ చేస్తే అత్త ఎత్తి "పడుకున్నారన్నయ్యా" అంటుంది.

వచ్చే నెల మా కొత్తింటి గృహప్రవేశం. పాతికేళ్ళు క్వార్టర్సుల్లో, ఆ తర్వాత అద్దె ఇళ్ళలో ఉన్నాక నాన్న కట్టుకున్న ఇల్లు. పుట్టింటి బట్టలు రాకుండా పీటల మీద ఎలా కూర్చోను అని అమ్మ రోజూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. నాన్నకి తను అన్నదాంట్లో తప్పేమిటో ఇప్పటికీ అర్థం కావట్లేదు, ముప్ఫై ఏళ్ళుగా అంటున్నదే కదా అంటారు.

ఈ సర్వీసుల మధ్య పోటీ అందరిళ్ళలోనూ ఇలాగే ఉంటుందా? ఎక్కడిదాకా సరదా, ఎక్కడ మొదలవుతుంది గాయం? తెలిసినవాళ్ళు చెప్పండి. లోంగేవాలా సంగతి కూడా చెప్పండి, అది తేలితే కొంతైనా మేలు.

సిగ్నల్స్ హవల్దారు, కె.ఆర్.పురం:

అమ్మా, మీ నాన్నగారు బావమరిదితో కాకపోతే ఇంకెవరితో పరాచికాలాడతారు? ఆర్మీ లోపలే మాకు బోలెడన్ని తగువులు. ఇన్‌ఫెంట్రీ వాడి దృష్టిలో ఏఎస్‌సీ (సైన్యానికి సరుకులు చేరవేసే విభాగం) అంటే కిరాణా కొట్టు, మేము స్తంభాలకి తీగలు కట్టేవాళ్ళం, మీ నాన్నగారి ఎమ్ఈజీ వాళ్ళందరూ 'తంబి'లు. నేను ఎత్తు పోస్టులో ఉన్నప్పుడు కిరోసిన్ కాన్వాయ్ మూడు రోజులు ఆలస్యమైంది. నాలుగో రోజు ఏఎస్‌సీ డ్రైవరు ట్రక్కు దిగితే మా ప్లటూన్ అతన్ని భుజాల మీద మోసింది. వారం తిరక్కుండా మళ్ళీ కిరాణా కొట్టే. ఎవరూ మనసులో పెట్టుకోరు.

లోంగేవాలా ఆర్మీదే. రాత్రంతా కూర్చున్నది 23 పంజాబ్ బెటాలియన్ కంపెనీ. మేజర్ చాంద్‌పురిగారికి మహావీర్ చక్ర ఊరికే ఇవ్వలేదు. మీ మావయ్య నాలుగు రోజుల్లో సర్దుకుంటాడు, కంగారు పడకు.

పాత సార్జెంటు, విద్యారణ్యపుర:

సిగ్నల్స్ అన్నగారితో సగమే ఏకీభవిస్తాను. నేను ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్ళు చేశాను, ఎక్కువ కాలం రాడార్ యూనిట్లలో.

ముందు లోంగేవాలా చెప్తాను తల్లీ, వరసగా. డిసెంబరు 4 రాత్రి ఆ పోస్టులో ఉన్నది నూట ఇరవై మంది దాకా. అవతల రెండు వేల మంది, నలభై దాకా ట్యాంకులు. చాంద్‌పురిగారు వెనక్కి కబురు చేస్తే, ఉండాలా రావాలా అన్నది నీ ఇష్టమే అన్నారు. ఆయన ఉండిపోయారు. జైసల్మేరులో మా హంటర్ విమానాలు ఉన్నాయి గానీ చీకట్లో దాడి చేసే సాధనాలు వాటికి లేవు, తెల్లారాల్సిందే. ఆ మధ్యలో జరిగినది మీ నాన్నగారికి చెప్పు, ఆయన సాపరు, అంటే మందుపాతరల పని తెలిసిన ఇంజనీరు దళం మనిషి కాబట్టి విలువ తెలుస్తుంది: శత్రు ట్యాంకులు పోస్టు ముందున్న ముళ్ళకంచె చూసి, లోపల మందుపాతరలు పరిచారనుకుని ఆగిపోయాయి. అది తేల్చుకునేలోపు విలువైన చీకటంతా గడిచిపోయింది.

తెల్లవారాక హంటర్లు వచ్చాయి. ఇసుక మైదానంలో ట్యాంకుకి దాక్కునే చోటు లేదు. కానీ ఆ జెట్లకి గురి చూపించిందెవరు? కృషక్ అనే చిన్న విమానంలో తిరుగుతున్న మేజర్ ఆత్మాసింగ్. ఆయన ఆర్మీ మనిషి. ఆర్మీ పైలటు చూపిస్తే ఎయిర్‌ఫోర్సు పైలటు కొట్టిన ట్యాంకుని ఎవరి లెక్కలో వేస్తావు? ఆ కంపెనీ రాత్రి కదిలిపోయుంటే ట్యాంకులు పొద్దుటికి రాంగఢ్ దారి పట్టేవి. హంటర్లు రాకపోయుంటే మధ్యాహ్నానికి పోస్టు ఉండేది కాదు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా రిటైరయ్యాక దీనిమీద పత్రికలకెక్కి కొట్లాడుకున్నారు. అది చూసి నాకు చాలా బాధేసింది.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో నన్ను ఆపింది లోంగేవాలా కాదు. మావయ్య ఫిట్టరు అన్నావు, కార్గిల్ మాట దగ్గర లేచాడు అన్నావు. 1999 మే నెలలో ఆయన ఏ యూనిట్లో ఉన్నాడో నీకు తెలుసా?

ఎందుకడుగుతున్నానంటే, ఆ మే నెలలో ఆర్మీకీ మాకూ మధ్య నిజంగానే మాటా మాటా వచ్చింది. కొండలమీద చొరబాటుదార్లు కనపడగానే ఆర్మీ హెలికాప్టర్లు పంపమంది. అంత ఎత్తులో హెలికాప్టరు బరువుగా, నెమ్మదిగా పోతుంది, భుజం మీంచి పేల్చే మిస్సైలుకి తేలిగ్గా దొరుకుతుంది, పైగా ఆకాశంలోంచి దాడికి ప్రభుత్వం అనుమతి కావాలి అని మావాళ్ళన్నారు. కింద తమ కుర్రాళ్ళు రాళ్ళ మధ్య పడిపోతుంటే ఆ మాటలు ఆర్మీకి సాకుల్లా వినపడ్డాయి. నేను వాళ్ళని తప్పుపట్టను. అనుమతి వచ్చింది, నియంత్రణ రేఖ దాటకూడదన్న షరతుతో. మే 26న దాడులు మొదలయ్యాయి. 27న మిగ్-21 ఒకటి, మిగ్-27 ఒకటి పోయాయి. 28న టోలోలింగ్ కొండ మీద రాకెట్లు వెయ్యడానికి నాలుగు ఎమ్ఐ-17 హెలికాప్టర్లు వెళ్ళాయి. ఒకదాన్ని స్టింగర్ మిస్సైలు కొట్టింది. మిస్సైలుని దారి తప్పించే ఫ్లేర్లు దాంట్లో లేవు. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు, ఇద్దరు సార్జెంట్లు. ఆ తర్వాత హెలికాప్టర్లని దాడికి పంపడం మానేశారు. మిరాజ్ విమానాలు జూన్ 24న టైగర్ హిల్ మీద లేజరు బాంబులు వెయ్యడం అందరికీ గుర్తుంటుంది. మే 28 ఎంతమందికి గుర్తుంది?

ఫిట్టరు పనేమిటో కూడా తెలుసుకో. విమానం ఎగిరే ముందు ఫారం 700 అని ఒక పుస్తకం ఉంటుంది. నేను చూశాను, ఇది ఎగరడానికి తగినట్టుంది అని ఫిట్టర్లు సంతకం పెడతారు. ఆ సంతకాలు చూసుకుని పైలటు తన సంతకం పెట్టి ఎక్కుతాడు. విమానం తిరిగి రాకపోతే ఆ పుస్తకం నేల మీద మిగిలిపోతుంది. టీ టైముకి మెస్సుకొచ్చేస్తారు అన్న మాట, ఆ పుస్తకం పక్కన నిలబడ్డవాడి చెవిలో ఎలా పడుతుందో ఆలోచించు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 2013 మార్చిలో నేను మన కమాండ్ హాస్పిటల్లో ఉన్నాను, పాత ఎయిర్‌పోర్టు రోడ్డులోది. నడిపేది ఎయిర్‌ఫోర్సు, పడుకునేది మూడు సర్వీసులవాళ్ళూ. నాకు మోకాలి ఆపరేషను. ఎడమ మంచం మీద నేవీ కుర్రాడు, కుడి మంచం మీద కేరళకి చెందిన ఆర్మీ నాయక్, వీపుకి పట్టీ వేసి బోర్లా పడుకోబెట్టారు. వారం రోజులు మా ముగ్గురికీ ఎవరి తిండి గొప్ప, ఎవరి లీవు ఎక్కువ, ఎవరి పని కష్టం అన్న రభసే. ఆ ఆదివారం కొచ్చిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్, సర్వీసెస్ మీద కేరళ. సర్వీసెస్ అంటే మూడు దళాల ఆటగాళ్ళూ కలిసిన ఒకటే జట్టు. గోల్స్ పడలేదు, పెనాల్టీ షూటౌటుకి వెళ్ళింది. నర్సు ఫోన్లో స్కోరు చదువుతోంది. ఆ నాయక్ సొంత రాష్ట్రం ఓడిపోవాలని, బోర్లా పడుకునే మంచం కోళ్ళు గుద్దుతున్నాడు. సర్వీసెస్ గెలిచింది. "మన జట్టు" అన్నాడు మావైపు తిరిగి. మర్నాడు పొద్దున్న ఇడ్లీ చూసి, ఇదేనా మీ ఎయిర్‌ఫోర్సు వంట అని మళ్ళీ మొదలుపెట్టాడు.

మావయ్యని అడుగు తల్లీ. నాన్నని అడగమనకు, నువ్వే అడుగు.

విశాఖ నుంచి వైట్‌ఫీల్డ్‌కి:

మావారు నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసరు, ఇప్పుడు ఇక్కడ సెక్యూరిటీ మేనేజరు. మీరందరూ డిసెంబరు 4 రాత్రి అంటే లోంగేవాలా ఒక్కటే అంటున్నారు. అదే రాత్రి నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు చిన్న మిస్సైల్ బోట్లు కరాచీ ముంగిట్లోకెళ్ళి కొట్టొచ్చాయి. నేవీ డే అందుకే ఆ రోజు. ఒకే రాత్రి ఇసుకలో వాళ్ళు, నీళ్ళలో వీళ్ళు. అక్కడా తగువుంది, కరాచీ నూనె ట్యాంకులు తగలబడింది మా మిస్సైళ్ళకా, ఎయిర్‌ఫోర్సు విమానాలకా అని. మావారి ముందు ఆ మాట ఎత్తితే కాఫీ చల్లారిపోతుంది.

నేను చూసింది చెప్తాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. మేము విశాఖలో నేవీ క్వార్టర్సులో ఉన్నాం. మావారు డ్యూటీలో, నేనూ ఇద్దరు పిల్లలూ ఇంట్లో. తెల్లారేసరికి చెట్లన్నీ రోడ్ల మీద, కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా బ్లాకు ముందు పడిన చింతచెట్టుని రంపాలతో కోసి దారి చేసింది ఆర్మీ జవాన్లు. అందులో ఒకాయన నా పెద్దాడికి తన బిస్కెట్ పాకెట్ ఇస్తూ, "మీ నాన్న నేవీయా? అయితే ఈత వచ్చుండాలే నీకు" అని ఆటపట్టించాడు. అంత అలసటలోనూ ఆ ముక్క అనకుండా ఉండలేకపోయాడు చూడండి.

మీ అమ్మగారితో ఒక మాట చెప్పండి. తమ్ముడికి ఫోన్ చేసి గృహప్రవేశం గురించి ఎత్తొద్దు. ఊరికే, తిన్నావా అని అడగమనండి.

హొరమావు సుబేదారుగారమ్మాయి:

అందరికీ చాలా కృతజ్ఞతలు. సార్జెంటుగారూ, మీ ప్రశ్న చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మావయ్య 1999లో ఎక్కడున్నాడో నాకు తెలీదు. అమ్మని అడిగితే "కాశ్మీరులో ఎక్కడో" అంది. ఇన్నేళ్ళు ఇన్ని ఆదివారాలు మాట్లాడుకున్నారు, ఈ ఒక్కటీ ఎవ్వరం అడగలేదు.

నిన్న మాన్యతాలో ఆఫీసు అయ్యాక జాలహళ్ళి వెళ్ళాను. అత్త ఉప్మా పెట్టింది. నేను సూటిగానే అడిగాను. మావయ్య చాలాసేపు టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. ఎమ్ఐ-17 యూనిట్లోనే, అప్పటికి కార్పొరల్. ఆ నాలుగు హెలికాప్టర్లలో తిరిగొచ్చిన మూడింట్లో ఒకదాని మీద ఆయన పని చేశాడట. ఆ పొద్దున్న తిరిగి రాని హెలికాప్టరులో వెళ్ళిన ఒకాయనకి టీ తెచ్చిచ్చింది తనేనట. గ్లాసు చాలాసేపు అక్కడే ఉందన్నాడు. "టీ టైముకి" అన్న మాట బావ నోట్లోంచి వచ్చేసరికి ఆ గ్లాసే కళ్ళముందు కనిపించిందట. "బావకి తెలీదు కదమ్మా, తెలిసి అనలేదు. నాకే అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. తర్వాత ఎలా రావాలో తోచలేదు" అన్నాడు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. నాన్న ఏమీ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పనిది చెప్పారు. 2002లో ఆపరేషన్ పరాక్రమ్ అప్పుడు, అంటే పాకిస్తాన్ సరిహద్దు పొడుగునా సైన్యాన్ని మోహరించినప్పుడు, నాన్న జైసల్మేరు వైపే ఉన్నారు. బోర్డరు పొడుగునా మందుపాతరలు పరచడం, మళ్ళీ ఒక్కొక్కటీ వెతికి తియ్యడం. గాలికి ఇసుక కదిలిపోతే పెట్టిన చోట మైను ఉండదట, మ్యాపు ఒకటి చెప్తే నేల ఒకటి చెప్తుంది. నాన్న సెక్షన్లో విజయనగరం కుర్రాడొకడు అలా పోయాడు. "గోతులు తవ్వేవాళ్ళు అన్నప్పుడల్లా నాకు వాడు గుర్తొచ్చేవాడు. బావమరిది సరదాకన్నాడని నవ్వేసేవాణ్ణి" అన్నారు.

ఈ పొద్దున్న ఆరింటికి నాన్న స్నానం చేసి, శుభలేఖ ఒకటి జేబులో పెట్టుకుని, హెబ్బాళ్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు పట్టుకుని వెళ్ళారు. ఇంకా రాలేదు. వచ్చాక రాస్తాను.

పాత సార్జెంటు, విద్యారణ్యపుర:

రాయి తల్లీ. ఎదురు చూస్తుంటాను. మీ నాన్నగారి సెక్షన్లోని ఆ కుర్రాడికి కూడా నా నమస్కారం.

హొరమావు సుబేదారుగారమ్మాయి:

నాన్న రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో మొత్తం చెప్పలేదు. టోలోలింగ్ ఎక్కిన 2 రాజపుతానా రైఫిల్స్ వాళ్ళు జూన్ 13 దాకా ఆ కొండ కింద ఎలా పడి ఉన్నారో నాన్నకి తెలిసినంతా చెప్పారట, పైనుంచి ఎలా కనపడేదో తనవాళ్ళు చెప్పింది మావయ్య చెప్పాడట. ఇద్దరూ పేపరు మీద కొండ గీసుకున్నారు. ఆ పేపరు నాన్న చొక్కా జేబులో ఉంది.

శుభలేఖ మాత్రం వెనక్కొచ్చింది. ఇంటి ఆడపడుచు వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా మగాడి చేతి శుభలేఖ తీసుకోను అని అత్త ఖరాఖండిగా చెప్పిందట. కాబట్టి ఆదివారం అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్తున్నారు. అమ్మ అప్పుడే సున్నుండలకి మినుములు వేయిస్తోంది.

సార్జెంటుగారూ, మేజర్ ఆత్మాసింగ్‌గారి సంగతి నాన్న చాలా ఉత్సాహంగా మావయ్యకి చెప్పారట, చూశావా, గురి చూపించింది కూడా ఆర్మీ వాడే అని. దానికి మావయ్య, "బావా, 1986లో ఆర్మీ ఏవియేషన్ వేరుపడేదాకా పైనుంచి గురి చూపే ఆ ఎయిర్ ఓపీ యూనిట్లు ఎయిర్‌ఫోర్సు కిందే ఉండేవి. నడిపింది మీవాడే, కానీ ఆ కృషక్‌ని పొద్దున్నే తుడిచి, చూసి, సంతకం పెట్టి పంపింది మా ఫిట్టరు" అన్నాడట. నాన్న ఇంటికొచ్చినప్పటి నుంచి అది నిజమేనా అని నన్ను ఫోన్లో వెతకమంటున్నారు. మీకు తెలిస్తే చెప్పండి, ఆదివారంలోపు కావాలట.